వేలంలో కోట్లు... ఊరి బరిలో మట్టి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి:

వేలం రోజులు వచ్చాయంటే చాలు, జనగామ రైల్వే స్టేషన్ దగ్గరి హోటళ్లలో చాయ్ గ్లాసులో చల్లారిపోతున్నా ఎవరికీ పట్టదు. అది చెరువు చేపల వేలం కాదు, కల్లు దుకాణం వేలం అంతకన్నా కాదు. ఎక్కడో ముంబైలో కబడ్డీ ఆటగాళ్లకు జరిగే వేలం. ఎవరిని ఏ జట్టు కొన్నది, ఎంతకు కొన్నది, ఎవరిని వదిలేసింది అన్న ముచ్చటే పొద్దస్తమానం. కేసముద్రం మార్కెట్‌లో మక్కల రాశి పక్కన తూకం కోసం కూర్చున్న రైతులదీ, భూపాలపల్లిలో షిఫ్టు దిగి వచ్చిన సింగరేణి కార్మికులదీ ఇదే లెక్క. మక్కలు క్వింటాలుకు ఎంత పలికాయో చెప్పలేని కుర్రాళ్లు సైతం పవన్ సెహ్రావత్ ధర మాత్రం వేలతో సహా అప్పజెబుతారు.

చెడుగుడు ఆడితే అన్నం పెడుతుందా అని కొడుకులను తిట్టిన తండ్రులు ఈ మూడు జిల్లాల్లో ఊరికి పదిమంది ఉంటారు. వారిలో కొందరు ఇప్పుడు టీవీ ముందు కొడుకులతో పాటే కూర్చుంటున్నారు. కారణం లేకపోలేదు. ప్రో కబడ్డీ లీగ్ 2014 జూలై 26న మొదలైంది. అంతకు ముందు మే నెలలో జరిగిన తొలి వేలంలో అందరికన్నా ఎక్కువ ధర పలికిన రాకేశ్ కుమార్‌కు పాట్నా జట్టు ఇచ్చింది 12 లక్షల 80 వేలు. అప్పుడు దానికే అందరూ ముక్కున వేలేసుకున్నారు. 2025 వేలంలో ఇరాన్ ఆటగాడు మహమ్మద్ రెజా షాద్లూయిని గుజరాత్ జెయింట్స్ 2 కోట్ల 23 లక్షలకు తీసుకుంది. పదకొండేళ్లలో పదిహేడు రెట్లకు పైనే పెరిగిందన్నమాట. మన పొలాల ధరలు కూడా అంత పెరగలేదు.

ఒక్కడికే సగం సొమ్ము

అభిమానుల మధ్య అసలు తగాదా తెలుగు టైటాన్స్ గురించే. మొదట్లో బరిలోకి దిగిన ఎనిమిది జట్లలో ఇదీ ఒకటి. 2015లో మూడో స్థానం దక్కించుకుంది. 2016లో మళ్లీ సెమీస్ దాకా వెళ్లింది. తర్వాత దిగజారింది. 2021-22 సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటే గెలిచింది. 2022లో రెండు గెలిచింది. అప్పుడే జట్టు యాజమాన్యం తెగించి, 2023 అక్టోబరు వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. లీగ్‌లో అప్పటిదాకా ఎవరికీ అంత ధర పలకలేదు. ఆ రాత్రి మానుకోట కుర్రాళ్లకు కప్పు చేతికి వచ్చేసినట్టే అనిపించిందట. తీరా చూస్తే ఆ సీజన్‌లోనూ గెలిచినవి రెండే.

అప్పటి నుంచి వాదన రెండు వర్గాలుగా చీలింది. వేలం పద్ధతి తెలిస్తేనే ఈ వాదన అర్థమవుతుంది. ప్రతి జట్టూ ఖర్చు పెట్టగలిగేది 5 కోట్లే. ఆ సొమ్ములోనే కనీసం 18 మందిని, ఎక్కువలో ఎక్కువ 25 మందిని తీసుకోవాలి. ఆటగాళ్లను నాలుగు తరగతులుగా విడదీస్తారు. మొదటి తరగతి వారికి 30 లక్షలు, తర్వాత 20, 13, చివరి తరగతికి 9 లక్షల నుంచి పాట మొదలవుతుంది. 5 కోట్లలో 2 కోట్ల 60 లక్షలు ఒక్కడికే పోతే మిగిలింది 2 కోట్ల 40 లక్షల లోపు. కనీసం పదిహేడు మందికి పంచితే తలకు 14 లక్షలు వస్తాయి.

"ఒక్కడు కూతకు పోతే సరిపాయెనా అన్నా, పట్టేటోళ్లేరి?" అంటుంది ఒక వర్గం. ఎదుటి జట్టు రైడర్ వచ్చినప్పుడు కాలు పట్టేవాడు, నడుము పట్టేవాడు, గొలుసు కట్టేవాడు లేకుండా ఎంత గొప్ప రైడర్ ఉన్నా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టేనని వారి వాదన. పవన్ లాంటివాడు లేకపోతే ఆ రెండు మ్యాచ్‌లైనా గెలిచేవారా అని రెండో వర్గం ఎదురు ప్రశ్న వేస్తుంది.

జవాబు తర్వాతి రెండేళ్లలో కొంత దొరికింది. 2024లో కృష్ణన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చారు. పవన్‌ను తక్కువ ధరకు మళ్లీ నిలబెట్టుకున్నారు. నడుమ అతను గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైనా విజయ్ మలిక్ జట్టును లాక్కొచ్చాడు. 12 విజయాలతో ఏడో స్థానంలో నిలిచి, ఒక్క మెట్టు తేడాతో ప్లే ఆఫ్స్ పోగొట్టుకుంది. 2025లో పవన్ తమిళ్ తలైవాస్‌కు వెళ్లిపోయాడు. టైటాన్స్ కోటి దాటకుండా భరత్ హుడాను 81 లక్షలకు తీసుకుని, విజయ్ మలిక్‌ను సారథిని చేసి, మిగిలిన సొమ్మును నలుగురికీ సర్దింది. జట్టు రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణెరి పల్టన్ చేతిలో ఓడింది. కప్పు రాలేదు. కానీ మొదటి వర్గం వారు మీసం మెలేయడానికి అది చాలు.

మనోడెవడన్నా ఉన్నడా?

ఇంతసేపూ మాట్లాడకుండా విన్న ముసలాయన ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేయగానే హోటల్ సద్దుమణుగుతుంది. రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు. 2018లో టైటాన్స్ అతనికి కోటీ 29 లక్షలు ఇచ్చింది. 2019లో కోటీ 45 లక్షలు ఇచ్చిన సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్ర. పవన్‌ది ఢిల్లీ. జట్టు పేరులో తెలుగు ఉంది, కోటి దాటిన ఈ ముగ్గురిలో మాత్రం తెలుగువాడు లేడు.

అలాగని మన దగ్గర ఆడేవారు లేరా అంటే, సంక్రాంతికి పాలకుర్తి వైపో, రేగొండ వైపో, గార్ల వైపో వెళ్లి చూస్తే తెలుస్తుంది. ఊరి బడి మైదానంలో ముగ్గు పిండితో గీతలు గీసి, ట్రాక్టర్ లైట్ల వెలుగులో తెల్లవారే దాకా ఆట సాగుతుంది. షీల్డుకో, నగదుకో, ఒక్కోచోట మేకపోతుకో ఆడే ఆ కుర్రాళ్ల ఒడుపు చూసి తీరాల్సిందే. అయితే అక్కడ గెలిచిన షీల్డు సర్పంచి ఇంట్లో మూలన పడి ఉంటుంది. ఆ ఆట చూసి పేరు రాసుకుపోయే వారు రారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

వేలం పాటలోకి పేరు ఎక్కడానికి దారులు వేరే ఉన్నాయి. ఒకటి, లీగ్ వారే కొత్త కుర్రాళ్లను వెదికి తీసుకునే పద్ధతి. వీరు వేలంతో పని లేకుండానే జట్టులోకి వస్తారు. హర్యానాలోని భివానీ ప్రాంతం నుంచి వచ్చిన నవీన్ కుమార్‌ను దబంగ్ ఢిల్లీ 2018లో ఇలాగే తీసుకుంది. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. 2025 వేలంలో హర్యానా స్టీలర్స్ అతనికి ఇచ్చింది కోటీ 20 లక్షలు. 2024లో పాట్నా తరఫున ఆడి ఉత్తమ యువ ఆటగాడి బహుమతి పొందిన అయాన్ లోచబ్‌ది కూడా ఇదే దారి.

రెండో దారి డిగ్రీ కాలేజీ గుండా పోతుంది. ఈ సంగతి ఊళ్లలో చాలామందికి తెలియదు. ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాయి. అందులో ఫైనల్‌కు చేరిన రెండు జట్ల ఆటగాళ్లను ఇటీవలి సీజన్లలో నేరుగా వేలం జాబితాలో చేర్చారు. అక్కడికి చేరాలంటే మాత్రం నిచ్చెన పొడుగు. మొదట కాలేజీ జట్టు. తర్వాత విశ్వవిద్యాలయం జరిపే అంతర్ కళాశాలల పోటీ. అందులో రాణించిన వారి నుంచి విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేస్తారు. ఆ జట్టు దక్షిణ మండల పోటీల్లో నెగ్గి, అఖిల భారత పోటీల్లో ముందు వరుసలో నిలిస్తేనే ఖేలో ఇండియా పిలుపు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు మూడూ 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం కిందికే వస్తాయి. అంటే ఏ ఊరి కుర్రాడికైనా మొదటి మెట్టు బస్సులో గంట దూరంలోనే ఉంది.

అమెరికాలో ఈ తంతు తలకిందులుగా జరుగుతుంది. అక్కడ చదువుకుంటున్న మన ఊళ్ల పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు చెబితే ఇక్కడివారు నమ్మలేకపోతున్నారు. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ బడి పిల్లవాడి ఇంటికి తానే వెళ్లి, తల్లిదండ్రుల ముందు కూర్చుని, మా కాలేజీకి పంపండి, ఫీజు మేమే కడతాం అని బతిమాలతాడు. ఏ కుర్రాడు ఏ కాలేజీలో చేరతాడు, వచ్చే ఏడు జట్టు ఎలా ఉంటుంది అని అభిమానులు ఏడాది ముందు నుంచే పందాలు కాస్తారు. 2021 జూలై నుంచి ఆ పిల్లలు తమ పేరు మీద ప్రకటనల సొమ్ము సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇస్తున్నాయి. అక్కడ కాలేజీ కుర్రాడిని వెదుక్కుంటూ పోతుంది. ఇక్కడ కుర్రాడే కాలేజీ నోటీసు బోర్డు వెదుక్కోవాలి.

మట్టికీ మ్యాట్‌కూ తేడా

ఊరి ఆటగాడు పై పోటీలకు వెళ్లగానే మొదట తడబడేది కాళ్ల దగ్గర. లీగ్ ఆట 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మ్యాట్ మీద, బూట్లతో ఆడతారు. మట్టిలో ఉత్తకాళ్లతో ఆడినవాడు మలుపు తిరిగేటప్పుడు కొద్దిగా జారి నిలదొక్కుకుంటాడు. మ్యాట్ మీద బూటు జారదు, పట్టుకుంటుంది. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు. భారమంతా మోకాలి మీద పడుతుంది. అలవాటు లేనివాడు మోకాలి నరం తెగి మంచాన పడితే ఏడాది పోయినట్టే. ఆపరేషన్ ఖర్చు పెట్టేదెవరు?

ఆట లెక్కలు కూడా వేరు. కూత 30 సెకన్లే. వరుసగా రెండు రైడ్లు ఉత్తవైతే మూడోదాంట్లో పాయింటు తెచ్చి తీరాలి, లేకపోతే ఔట్. ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉండి రైడర్‌ను పట్టేస్తే అదనపు పాయింటు. చాలా ఊళ్ల టోర్నమెంట్లలో ఇవి పాటించరు. దాంతో బరిలో సింహంలా తిరిగిన వాడు ఎంపిక పోటీల్లో గడియారం చూసి బిత్తరపోతాడు. సంక్రాంతి టోర్నమెంట్లు పెట్టే యువజన సంఘాల వారు దండల ఖర్చు కొంత తగ్గించుకుని, ఈ నియమాలు తెలిసిన ఒక రిఫరీని పిలిపిస్తే సగం కొరత తీరుతుందని పాత ఆటగాళ్లు సూచిస్తున్నారు. సబబైన మాటే.

వయసు సంగతి మరీ ముఖ్యం. బడి క్రీడల సమాఖ్య పోటీలు 14, 17, 19 ఏళ్ల లోపు వారికి వేర్వేరుగా జరుగుతాయి. కబడ్డీలో చిన్న వయసుల వారికి బరువు హద్దు కూడా ఉంటుంది. ఆ ఏళ్లు దాటితే ఆ తలుపులు మూసుకున్నట్టే. ఈ పోటీల సర్టిఫికెట్లు ఉంటే రైల్వేలోనో, పోలీసు శాఖలోనో క్రీడల కోటాలో ఉద్యోగానికి పనికొస్తాయి. కోట్ల వేలం వందల్లో ఒకరికి దక్కితే దక్కవచ్చు. ఇంటికి నెల జీతం తెచ్చే ఉద్యోగం అంతకన్నా దగ్గరి మాట. ఇంటర్ తప్పగానే హైదరాబాద్ బస్సెక్కి పనికి పోయే కుర్రాళ్లలో మంచి రైడర్లు ఎందరో.

చూసే కన్ను ఉంటే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి హర్యానా దాకా పోనక్కర్లేదు. పొరుగునే వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ ఉంది. ఆ ఊరి వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో విల్లు పట్టింది. అదే ఊరి జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. అంతకు ముందు అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. కూలి చేసుకునే ఇంటి పిల్ల. బడిలో వ్యాయామం నేర్పే సారు ఆమె పరుగు చూడటంతో కథ మొదలైంది.

ఆడపిల్లల కబడ్డీ ముచ్చట ఈ హోటళ్లలో అరుదు. 2016లో మూడు జట్లతో మహిళల పోటీ ఒకటి పెట్టి ఆ తర్వాత ఆపేశారు. 2025 నవంబరులో ఢాకాలో మన మహిళలు ప్రపంచ కప్ గెలిచినప్పుడు మాత్రం ఒకరోజు మాట్లాడుకున్నారు.

వేలం ముచ్చట సాగుతూనే ఉంటుంది. వచ్చేసారి ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఎడమ మూల డిఫెండర్‌కు ఎంతదాకా పోవచ్చు అని సిగరెట్ పెట్టెల మీద జాబితాలు రాస్తూనే ఉంటారు. అలాంటి గుంపులోకే కొత్తగా డిగ్రీలో చేరిన కుర్రాడొకడు తొంగిచూసి, అంతర్ కళాశాలల పోటీలకు పేరు ఎప్పుడు ఇవ్వాలె, ఎవరికి ఇవ్వాలె అని అడిగితే జవాబు కరువవుతుంది. షాద్లూయి ధర వేలతో సహా చెప్పిన వారు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

"కాలేజీల పీడీ సారును అడుగు బిడ్డా, రేపే పో" అని చాయ్ వడపోస్తున్న హోటలాయనే చెప్పాలి.