రాస్ చేపకి ఇసుకే పరుపు!

మా ఇంట్లో అందరికంటే ముందు పడుకునేది మెలనూరస్ రాస్. నేనింకా ఆఫీస్ కాల్‌లో ఉండగానే, అక్వేరియం లైట్లు ఆరకముందే ఇసుకలోకి దూరిపోతుంది. ఈ రంగురంగుల సముద్రపు చేపని చూసిన ఫ్రెండ్స్ అడిగేది ఒకటే: 'మేమూ పెంచొచ్చా?' పెంచొచ్చు. కానీ కొనేముందు అది ఎలా నిద్రపోతుందో, ఏం తింటుందో తెలుసుకోవాలి. షాపుల్లో దొరికే రాస్‌లు చాలావరకు సముద్రంలో పట్టి తెచ్చినవే మరి.

రాస్‌లలో 500కి పైగా జాతులున్నాయి. మెలనూరస్‌కి కనీసం రెండంగుళాల మందాన మెత్తని ఇసుక పరవాలి. గరుకుగా ఉంటే ఒళ్లు గీరుకుపోతుంది. ఫెయిరీ రాస్‌లు ఇసుక జోలికి పోవు. రాళ్ల సందుల్లో చేరి, ఒంటి చుట్టూ జిగురు పొర అల్లుకుని పడుకుంటాయి.

కొత్త మెలనూరస్ రెండు మూడు రోజులు కనిపించకపోతే చచ్చిపోయిందేమో అని ఇసుక తవ్వకండి! మీ లైట్ల టైమింగ్ అలవాటయ్యాక అదే బయటికొస్తుంది.

ఇంకో సంగతి, రాస్‌లు బెదిరితే ట్యాంకులోంచి ఎగిరి దూకేస్తాయి. పైన సన్నటి వల మూత తప్పనిసరి. గాజు మూత కన్నా ఇదే నయం, వేడి లోపల నిలవదు. నీళ్లు 25-26 డిగ్రీల దగ్గర ఉండాలి.

మెలనూరస్‌కి 200 లీటర్ల ట్యాంకైనా కావాలి. ఆర్‌ఓ నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల అక్వేరియం సముద్రపు ఉప్పు కలపాలి (వంటింటి ఉప్పు కాదు!). నెల, నెలన్నర చేపల్లేకుండా నడిపి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించాకే చేపని వదలాలి.

నీలం ఒంటిమీద నల్లచార ఉన్న క్లీనర్ రాస్‌ని మాత్రం, ఎంత ముద్దొచ్చినా తేకండి. పగడాల దిబ్బల్లో పెద్ద చేపలు దాని ముందు క్యూ కడతాయి. వాటి ఒంటిమీది పరాన్నజీవుల్ని ఏరుకు తినడమే దాని పని. రోజుకి వెయ్యికి పైగా తింటుంది. ఇంటి ట్యాంకులో అన్ని ఎక్కడ దొరుకుతాయి? చాలావరకు ఆకలితోనే పోతాయి. అద్దంలో తనని తాను గుర్తుపట్టగలదని 2019లో పరిశోధకులు ప్రకటించింది కూడా ఈ చేప గురించే.

ఏ రాస్ కొన్నా, డబ్బులిచ్చే ముందు షాపతన్ని ఒక్కటి అడగండి: 'నా ముందు మేత వేసి చూపిస్తారా?' తినకపోతే కొనకండి.