మీ కథలో అమ్మ ఏ భాష మాట్లాడుతోంది?

కథలు రాయాలనుకునేవాళ్ల కోసం ఇవాళ డైలాగుల గురించి మాట్లాడుకుందాం.

కొత్తగా రాసేవాళ్ల కథల్లో నాకు ఒకటి పదే పదే కనిపిస్తుంది. కథ కరీంనగర్ పక్క పల్లెలోనో, మదనపల్లె దగ్గరో జరుగుతుంది. ఇల్లు, పొలం, అప్పు అన్నీ నిజంగా ఉన్నట్టే ఉంటాయి. కానీ అందులో అమ్మ నోరు తెరిచిందంటే, "నాయనా, నీ ప్రవర్తన నన్ను ఎంతగానో బాధించింది" అంటుంది. ఏ అమ్మ అంటుందండీ అలా? అది డబ్బింగ్ సీరియల్ తెలుగు. ఎందుకిలా రాశావు అని అడిగితే, "మా యాసలో రాస్తే నవ్వుతారేమోనని" అంటారు. రాయడం రాక కాదన్నమాట, సిగ్గు. ఆ సిగ్గు వల్ల అమ్మ కథలోంచి వెళ్లిపోతుంది, ఆమె పేరు మాత్రం మిగులుతుంది.

ఈ భయం మనతో మొదలైంది కాదు. గురజాడ 1897లో 'కన్యాశుల్కం' అచ్చు వేయించేనాటికి మాట్లాడే భాషలో పుస్తకం రాయడమే పెద్ద సాహసం. తర్వాత రావిశాస్త్రి వచ్చారు. ఆయన లాయరు కదా, విశాఖ వీధుల్లో, కోర్టుల దగ్గర విన్న మాటలన్నీ కథల్లోకి తెచ్చేశారు. నామిని 'పచ్చనాకు సాక్షిగా'లో చిత్తూరు పల్లె మాట, ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు'లో నెల్లూరు మాట, పెద్దింటి అశోక్ కుమార్ 'జిగిరి'లో తెలంగాణ మాట. వీటిని వేరే జిల్లాలవాళ్లు కూడా ఇష్టంగా చదివారు. ఒకటి రెండు మాటలు అర్థం కాకపోతే పాఠకుడు పుస్తకం మూసేయడు, పక్క వాక్యం చూసి పట్టుకుంటాడు.

మరి కథంతా యాసలోనే రాయాలా? అక్కర్లేదు. కాళీపట్నం రామారావు, అదే మన కారా మాస్టారు, 'యజ్ఞం'లో కథ చెప్పేటప్పుడు మామూలు భాషే వాడారు. మనుషులు మాట్లాడేటప్పుడు మాత్రం ఉత్తరాంధ్ర పలుకు వినిపిస్తుంది. నామిని దారి వేరు. అక్కడ కథ చెప్పేదే ఒక పిల్లోడు, కాబట్టి మొత్తం వాడి మాటే. కథ ఎవరు చెబుతున్నారో ముందు తేల్చుకోండి, భాష దాన్నిబట్టి వస్తుంది.

ఇక అలవాట్లు. మొదటిది, వినడం. ఆర్టీసీ బస్సులో, రేషన్ షాపు దగ్గర, ఆస్పత్రి ఓపీ లైన్లో ఫోన్ జేబులో పెట్టి వినండి. రోజుకి ఒక్క మాట చాలు. ఇంటికొచ్చాక గుర్తున్నంత వరకు నోట్స్‌లో రాసుకోండి. ఎవరు ఎవరితో అన్నారు, అన్నప్పుడు చేతులు ఏం చేస్తున్నాయి, అది కూడా. దొంగచాటుగా రికార్డు మాత్రం చేయొద్దు, అది తప్పు. పైగా గుర్తుండిపోయిన మాటే కథకి పనికొస్తుంది.

రెండోది కొంచెం కష్టం. మనుషులు తమకి కావాల్సింది సూటిగా అడగరు. తమ్ముడి దగ్గర అప్పు కోసం అన్న వచ్చాడనుకోండి. "తమ్ముడూ, బోరు వేయించడానికి ఇరవై వేలు కావాలి" అని రాస్తే విషయం తెలుస్తుంది, అంతే. ఇలా రాసి చూడండి:

"పిల్లలు బడికి వోయిండ్రా?"

"వోయిండ్రన్నా."

"బోరు బండోడు రేపొస్త అన్నడు."

"ఎన్ని ఫీట్లు ఏపిస్తున్నవ్?"

"ఏమో. మొన్న మూడొందలకు దుమ్మే లేషింది."

తమ్ముడు ఏమీ అనలేదు. లోపల అతని భార్య గిన్నె టక్కున పెట్టిన చప్పుడు.

డబ్బు అనే మాటే రాలేదు, చూశారా? అయినా అన్న ఎందుకొచ్చాడో, ఇంట్లో ఎవరికి ఇష్టం లేదో తెలిసిపోయింది. నా లెక్కలో మంచి డైలాగంటే ఇదే.

యాసని కామెడీకి వాడే జబ్బు మన సినిమాల్లో చాలా ఏళ్లు ఉంది. హీరోకి పుస్తకం భాష, పనివాడికి యాస. మీ కథలో బాధపడేవాడికి, ప్రేమించేవాడికి, కోర్టులో సాక్ష్యం చెప్పేవాడికి కూడా ఆ మాట ఇవ్వండి.

ఫోన్‌లో టైప్ చేసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. "వోయిండ్రు" అని కొడుతుంటే కీబోర్డు పైన "పోయారు" లాంటి మాటలు చూపించొచ్చు. తొందరలో దాన్ని నొక్కేయకండి. అలాగని ప్రతి మాటా విరిచి రాసినా చదవలేం. పలుకు తెలిసేంత ఉంటే చాలు. రాశాక మీ గొంతుతోనే చదివి రికార్డు చేసి, మర్నాడు వినండి. ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ వాక్యం మార్చాలి.

చదవడానికి కథల్లేవు అనేవాళ్లకి ఒక చోటు చెబుతాను. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో 'కథానిలయం' పెట్టారు. తెలుగు కథల కోసమే పెట్టిన లైబ్రరీ అది. వాళ్ల వెబ్‌సైట్లో పాత పత్రికల కథలు స్కాన్ చేసి పెట్టారు. ముందు మీ జిల్లా రచయితని ఒకరిని వెతికి చదవండి.

ఈ వారం పని: మీ ఇంట్లో ఇద్దరు ఒక విషయం దాచుకుంటూ మాట్లాడుకునే సీను, పది లైన్లు. ఆ విషయం పేరు ఎక్కడా రాకూడదు. వచ్చే ఎపిసోడ్‌లో కథ మొదటి పేరా సంగతి చూద్దాం. ఉంటాను మరి.