గుడ్డులోంచి ఫ్లూ వైరస్‌ని వడకట్టడం ఎలా?

ఫ్లూ టీకా మాట ఎత్తగానే మన శాకాహార మిత్రులు నన్ను అడిగే ప్రశ్న: "అందులో గుడ్డు ఉంటుందటగా?" ఉంటుంది. ఎంత ఉంటుందన్నదే అసలు ప్రశ్న. అది తెలియాలంటే వైరస్‌ని శుద్ధి చేసే పద్ధతి కొంచెం తెలియాలి.

ఫ్లూ వైరస్ జీవకణంలో తప్ప పెరగదు. అందుకని పది, పదకొండు రోజులు పొదిగిన గుడ్డులో, పిండం చుట్టూ ఉండే ద్రవంలోకి దానిని సూదితో ఎక్కిస్తారు. రెండు మూడు రోజులయాక గుడ్డుని చల్లబరచి ఆ ద్రవాన్ని తోడతారు. అందులో వైరస్‌తో పాటు గుడ్డు ప్రోటీనులు, కణాల తునకలు కలగాపులగంగా ఉంటాయి. వైరస్ వ్యాసం సుమారు 100 నేనోమీటర్లు; మామూలు సూక్ష్మదర్శినిలో కనబడదు. కనబడని దాన్ని ఏరడం ఎలా?

1941లో అమెరికాలో జార్జ్ హర్‌స్ట్ ఒక దారి చూపించేరు. ఈ ద్రవంలో కోడి ఎర్ర రక్తకణాలు వేస్తే అవి గుత్తులు కట్టేయి. వైరస్ మీది ముళ్ళు ఆ కణాలని పట్టుకోవడమే కారణం. 4 డిగ్రీల చల్లదనంలో పట్టుకోనిచ్చి, కణాలని వేరు చేసి, శుభ్రమైన ఉప్పునీటిలో 37 డిగ్రీలకి వెచ్చబెడితే వైరస్ తనంత తానే పట్టు వదులుతుంది. ఆ బంధాన్ని తెంపే కత్తెర లాంటి ఎంజైము దాని ఒంటి మీదే ఉంది. టామిఫ్లూ మందు అడ్డుపడేది ఈ కత్తెరకే!

ప్రయోగశాలలలో ఇప్పుడు ఎక్కువగా వాడేది పంచదార పద్ధతి. ముందు ద్రవాన్ని తక్కువ వేగంతో తిప్పి బరువైన తునకలని అడుక్కి దింపుతారు. తరవాత గొట్టంలో అడుగున చిక్కటి పాకం, పైకి వచ్చేకొద్దీ పలచటి పాకం నింపి, మీద వైరస్ ద్రవం పోసి, నిమిషానికి వేల చుట్లు తిప్పుతారు. చిన్నవైన గుడ్డు ప్రోటీనులు పైనే ఉండిపోతాయి. వైరస్ దిగుతూ దిగుతూ, పాకం సాంద్రత తన సాంద్రతకి సమానమైన చోట (నీటికి సుమారు 1.2 రెట్లు) ఆగిపోతుంది. దీపం పెట్టి చూస్తే అక్కడ మీగడలాంటి తెల్లటి చార. మజ్జిగ చిలికే వారికి ఈ సూత్రం కొత్త కాదు. వెన్న పైకి తేలుతుంది, ఇది నడుమ నిలుస్తుంది, అంతే తేడా.

1960 దశకంలో ఓక్ రిడ్జ్‌లో నార్మన్ ఏండర్సన్ బృందం ఈ పనిని పెద్ద ఎత్తున చేసే యంత్రాలు రూపొందించింది. శుద్ధి పెరిగేక టీకా వల్ల వచ్చే జ్వరం, నొప్పీ తగ్గేయి.

ఇప్పుడు లెక్కకి వద్దాం. గుడ్డులో తయారైన టీకాలలో సాధారణంగా మోతాదుకి 1 మైక్రోగ్రాము గుడ్డు ప్రోటీను కూడా మిగలదు. అంటే గ్రాములో పది లక్షల వంతు. అదీ వద్దంటే, అమెరికాలో 2013 నుంచి గుడ్డు ప్రమేయం లేని టీకా కూడా ఉంది. వైరస్ ముల్లుని కీటక కణాలలో తయారు చేస్తారు. కీటకం శాకాహారమా అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. కాని ఈ మీమాంసలో పడి మన పెద్దవాళ్ళు టీకా మానుకోకుండా చూడడం మాత్రం మన పని.