పాచికకు చిక్కేది, మన కంటికి చిక్కనిది

మన బడిలో పై తరగతుల పిల్లలు విరామం దొరికితే చాలు, ఓ మూల చేరి రంగురంగుల పాచికలు దొర్లిస్తూ "నీ స్టెల్త్ ఎంత?", "నాకు పర్సెప్షన్ పద్దెనిమిది!" అని కేకలు వేసుకోవడం తల్లిదండ్రులు చాలామంది చూసే ఉంటారు. ఇదేం ఆట అని అడిగేవారి కోసం, ఆడే పిల్లల కోసం కూడా ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో దీన్ని తీసుకొచ్చారు. బల్ల చుట్టూ అందరూ కూర్చుంటారు, ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవారు అందులో పాత్రలు. హరికథ జరుగుతుండగా ముందు వరసలోంచి ఒకరు లేచి "ఇప్పుడు నేను ఈ గోడ దూకుతాను" అంటే ఎలా ఉంటుందో, అలాగన్నమాట. దూకగలిగాడా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

దొంగ కోటలోకి చొరబడాలంటే పాచిక వేసి, వచ్చిన అంకెకు తన ఒడుపుకున్న పాయింట్లు కలుపుకుంటాడు. అది అతని స్టెల్త్, అంటే కంటబడకుండా మెలిగే నేర్పు. కావలివాడు వెతుకుతుంటే అతనూ పాచిక వేస్తాడు. అది పర్సెప్షన్, పసిగట్టే శక్తి. ప్రత్యేకంగా వెతకకుండా ఊరికే నిలబడ్డా, 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాల ప్రకారం, 10కి తన నైపుణ్యం కలిపినంత పర్సెప్షన్ అతనికి ఎప్పుడూ ఉంటుంది. సుందరకాండలో హనుమంతుడు రాత్రివేళ లంకలో అడుగు పెట్టడానికి పిల్లి అంత చిన్నగా మారినా లంకిణి పట్టేసింది కదా! ఆ కథ చెబుతుంటే మా పిల్లలు లంకిణి పర్సెప్షన్ ఎంతో లెక్క కట్టడం మొదలుపెట్టారు. కథ ముందుకు సాగడానికి కాస్త సమయం పట్టింది.

ఇంతకీ ఈ లెక్కలు నిజ జీవితానికి ఎంత దగ్గర? చీకటి సంగతి చూడండి. ఆటలో కొన్ని జాతుల వారికి చీకట్లో అరవై అడుగుల దాకా కనిపిస్తుంది. మన కళ్ళు చీకటికి బాగా అలవాటు పడడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. పైగా మసక వెలుతురులో పనిచేసే కణాలు కంటిపాప వెనక, చూపు నిలిచే నడిమధ్యన ఉండవు. అందుకే మినుకుమినుకుమనే చుక్కను సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే కనిపిస్తుంది. ఈసారి క్యాంపింగ్‌కి వెళ్ళినప్పుడు పిల్లలు ప్రయత్నించవచ్చు.

అసలు తేడా కంట్లో లేదు, ధ్యాసలో ఉంది. డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రిస్ అనే శాస్త్రవేత్తలు 1999లో ఒక ప్రయోగం ప్రచురించారు. వీడియోలో కొందరు బంతి విసురుకుంటుంటారు, తెల్లచొక్కాల వాళ్ళు ఎన్నిసార్లు విసిరారో చూసేవాళ్ళు లెక్కపెట్టాలి. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడిచొచ్చి, గుండెలు బాదుకుని వెళ్ళిపోతుంది. చూసినవారిలో సుమారు సగం మందికి గొరిల్లా కనపడనే లేదు! 2013లో మరొక బృందం ఊపిరితిత్తుల స్కాన్‌లో గొరిల్లా బొమ్మ పెట్టి 24 మంది రేడియాలజిస్టులకు చూపిస్తే 20 మంది గమనించలేదు. వాళ్ళు వెతుకుతున్నది కణితుల కోసం మరి. చెట్టు మీద పిట్ట తల తప్ప ఇంకేమీ కనపడడం లేదన్న అర్జునుణ్ణి ద్రోణాచార్యులు మెచ్చుకున్నారు. ఆ సమయంలో చెట్టు కింద నుంచి గొరిల్లా నడిచి వెళ్ళినా అర్జునుడు చూసేవాడు కాదేమో.

ఇప్పుడు మా ఇంజనీర్ల బుద్ధికి నచ్చే లెక్క ఒకటి. దొంగ స్టెల్త్ 15 అనుకుందాం. మామూలు కావలివాడికి 16 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ పడితేనే దొరుకుతాడు. అంటే నూటికి 25 సార్లు. ఒకడే కాపలా ఉంటే దొంగ 75 సార్లు తప్పించుకుంటాడు. ఐదుగురుంటే? 0.75ని ఐదుసార్లు హెచ్చవేయండి, సుమారు 24. పదిమందైతే ఆరే. కాపలా పెరిగేకొద్దీ తప్పించుకోవడం కష్టం. ఆటలో ఎవరి పాచిక వారిదే కాబట్టి ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది.

మన పిక్నిక్‌లలో ఇది సరిపోదు. ఈత కొలను చుట్టూ నలభైమంది పెద్దలుంటారు. "అంతమంది ఉన్నారు కదా" అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు, ఎవరూ పాచిక వేయరు. ఒకవైపు పులిహోర పళ్ళేలు, మరోవైపు క్రికెట్ కబుర్లు. నీళ్ళలో మునుగుతున్న పిల్లవాడు సినిమాల్లోలా చేతులు ఊపడు, కేకలు వేయడు. నోరు నీటిపైకి వచ్చిన ఆ క్షణంలో ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు, ఇక పిలుపెక్కడిది? చేతులు రెండు పక్కలా నీటిని కిందకు నొక్కుతుంటాయి. ఇలా పెనుగులాడేది 20 నుంచి 60 సెకన్లే. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్ళలో మునిగిపోవడమే. దాక్కోవాలని ఎవరూ అనుకోకుండానే, ఇంతకు మించిన స్టెల్త్ ఏ ఆటలోనూ లేదు.

అందుకే మా వేసవి పిక్నిక్‌లలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాల వంతు. మెడలో కార్డు వేసుకున్నవారు ఫోను చూడరు, ప్లేటు పట్టుకోరు, పలకరించినా చూపు తిప్పకుండానే జవాబిస్తారు. వంతు అయిపోయాక తర్వాతివారు కార్డు అందుకుని "నేను చూస్తున్నాను" అని పైకి అంటేనే మొదటివారు కదలాలి. ఈతరాని చిన్నపిల్లలకు ఇది చాలదు, నీళ్ళలో అమ్మో నాన్నో చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండాలి. గడియారం చూసి వంతు మారిందని చెప్పే పని పై తరగతుల పిల్లలకు అప్పగించాం. పాచికలాట ఆడేవాళ్ళు కదా, ఎవరి వంతు ఎప్పుడో మనకన్నా కచ్చితంగా చెబుతున్నారు.