చక్రాల ఇంటికి పెరటి గాలి

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మోటారు హోమ్ అనే వాహనమొకటి ఉన్నది. వంటగది, పడకగది, స్నానాల గది అన్నీ ఇమిడిన బస్సు వంటిది. చక్రాల మీద నడిచే ఇల్లని చెప్పవచ్చును. వీటిలో పెద్దవైన డీజిలు బండ్లలో పెక్కింటికి బ్రేకులు పనిచేయటానికీ, బరువు మోసే రబ్బరు తిత్తులు నిండటానికీ గాలియే ఆధారం. చలికాలమంతా షెడ్డులో నిలిచిన బండి ట్యాంకులలోని గాలి క్రమంగా జారిపోతుంది. ఇంజను నడిపితే మరల నిండుతుంది. కాని మూసిన షెడ్డులో ఇంజను నడపటం ప్రాణాపాయం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. అందుచేత టైర్లకు గాలి కొట్టుకొనే ఇంటి కంప్రెసరుతోనే ట్యాంకులు నింపుకొనేవారున్నారు. ఇది సాధ్యమైన పనియే. అయితే ఆ గాలిని ఎక్కడ, ఎంత ఒత్తిడితో కలపవలెనో తెలియాలి.

ముందుగా బండిలోని ఏర్పాటును చూద్దాము. ఇంజను తిప్పే కంప్రెసరు నుండి వేడిగాలి బయలుదేరి, తేమను పీల్చుకొనే డ్రయ్యరు గుండా మొదటి ట్యాంకులోకి వస్తుంది. అక్కడి నుండి, గాలిని ఒకవైపే పోనిచ్చే కవాటాల ద్వారా రెండు బ్రేకు ట్యాంకులకు చేరుతుంది. ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 120 నుండి 130 పౌండ్లకు రాగానే గవర్నరు అనే సాధనం నింపటాన్ని ఆపుతుంది. అప్పుడు డ్రయ్యరు అడుగు కవాటం తెరుచుకొని, కూడిన నీటిని బుస్సున వెళ్ళగొడుతుంది. మన బస్సుల క్రింద అప్పుడప్పుడు వినవచ్చే బుసలలో ఇది ఒకటి.

అణచిన గాలి చల్లబడితే అందులోని తేమ నీరవుతుంది. ఇంటి కంప్రెసరుకు సాధారణంగా డ్రయ్యరు ఉండదు. దాని గాలిని తిన్నగా బ్రేకు ట్యాంకులోకి పంపితే వెంట నీరూ పోతుంది. ట్యాంకు తుప్పు పడుతుంది. గడ్డకట్టే చలిలో కవాటాలు బిగుసుకొంటాయి. కనుక బయటి గాలి డ్రయ్యరుకు ముందే కలియటం మేలు. కలిపేచోట ఒకవైపు కవాటం తప్పక ఉండవలెను. కొన్ని బండ్లకు నిర్మాతలే ఇందుకొక ద్వారం అమర్చి ఉంచుతారు. లేనిచో గొట్టాన్ని కోసి కలిపే పని నేర్పరియైన మెకానిక్కుకే అప్పగించవలెను.

ఇంటి కంప్రెసరు రెగ్యులేటరును 100 పౌండ్లకు దగ్గరగా నిలపటం మంచిది. గవర్నరు హద్దును తాకితే డ్రయ్యరు కవాటం తెరుచుకొని, మనము పంపే గాలి అంతా బయటికే పోతుంది. కంప్రెసరు ఆగక తిరిగి వేడెక్కుతుంది. హద్దు తాకకపోతే డ్రయ్యరు నీటిని వెళ్ళగొట్టదు. అందుచేత ఇంటి గొట్టానికే నీరు పట్టే గిన్నె నొకటి తగిలించి, పని ముగిసిన పిమ్మట ట్యాంకుల అడుగు నీటిని వదలవలెను.

ఇక అన్నిటికన్న ముఖ్యమైన మాట. 1869లో జార్జి వెస్టింగ్‌హౌస్ రైళ్ళకు గాలి బ్రేకు కనిపెట్టినప్పుడు, గాలి పోతే బ్రేకు కూడా పోయేది. 1872లో ఆయన దానిని తారుమారు చేసి, గాలి తగ్గితే బ్రేకు పడేటట్లు మార్చినాడు. నేటి పెద్ద బండ్లలో ఆ ధర్మమే మరొక రూపంలో ఉన్నది: బలమైన స్ప్రింగు బ్రేకును పట్టి ఉంచుతుంది, గాలి ఆ స్ప్రింగును వెనుకకు నెట్టుతుంది. అంటే గాలి లేని బండి కదలదు. మనము నింపిన బండి కదలగలదు. లోపల ఆడుకొనే బిడ్డ పార్కింగు బ్రేకు పిడిని నొక్కితే చాలును. కాబట్టి గొట్టం తగిలించక ముందే చక్రాలకు దిమ్మలు పెట్టవలెను. పిడిని బయటికి లాగియే ఉంచవలెను. తిత్తులు నిండి బండి పైకి లేచినదని దాని క్రింద దూరరాదు. ఏ గొట్టము ఊడినా అది ఒక్కసారిగా క్రిందికి దిగుతుంది. ఉక్కు స్టాండ్లు మోస్తున్నప్పుడే క్రిందికి పోవలెను.