చీకట్లో సంగీతకారుడి ముఖం ఎందుకు మెరుస్తుంది?

ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1596 ప్రాంతంలో ల్యూట్ వాయిస్తూ పాడుతున్న యువకుడి చిత్రం వేశాడు. ల్యూట్ ఉబ్బెత్తు బుర్ర ఉన్న తంత్రీవాద్యం. ఆ చిత్రం ఇప్పుడు రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది.

సంగీతం కంటికి కనిపించదు. అందుకే కరవాజ్జో లాంటి బరోక్ కాలపు చిత్రకారుడు గదిని చీకటిలో ముంచి, కొంచెం తెరిచిన పెదవుల మీద, తీగల మీది వేళ్ల మీద వెలుగు పడేలా చేస్తాడు. చూపు నేరుగా అక్కడికే వెళ్తుంది. కరవాజ్జో చిత్రంలో యువకుడి ఎదురుగా పరిచిన స్వరలిపి కూడా ఉత్త అలంకారం కాదు. అది 16వ శతాబ్దపు స్వరకర్త ఆర్కడెల్ట్ పాటలదని నిపుణులు చదివి చెప్పగలిగారు!

ఇంట్లో కర్టెన్లు మూసి, వీణ వాయించేవారి మీద ఒక పక్క పైనుంచి టార్చ్ వేస్తే ఇదే ప్రభావం కనిపిస్తుంది.

రంగులతో దీన్ని సాధించడం ఎలా? చాలామంది బరోక్ చిత్రకారులు కాన్వాసుకు ముందుగా ముదురు గోధుమరంగు పూత వేసేవారు. నీడల్లో దాన్నే పలుచగా కనిపించనిచ్చి, వెలుగు పడేచోట సీసపు తెలుపు కలిపిన రంగును మందంగా అద్దేవారు. రంగులో కలిపే అవిసె నూనె నీటిలా ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి మెల్లగా గట్టిపడుతుంది. ఆలోగా వెలుగునీడల అంచులను కుంచెతో మెత్తగా కలపడానికి కావలసినంత సమయం దొరుకుతుంది.