మడికొండ వీధులు: నడకకు, నీడకు, వాననీటికి చోటు

కాజీపేట సమీపాన హైదరాబాద్–వరంగల్ రహదారిపై ఉన్న మడికొండ ఒకప్పుడు గ్రామ పంచాయతీ. నేడు గ్రేటర్ వరంగల్ నగర పాలక సంస్థలో భాగం. మెట్టుగుట్ట రామలింగేశ్వర స్వామి ఆలయానికి, ప్రజాకవి కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరుగా ఇది ప్రసిద్ధం. 2020 జనవరి 7న ఇక్కడ టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల ఐ.టి. కేంద్రాలు ప్రారంభమైనవి. ఊరు నగరమైనది. ఊరి వీధి ఒకనాడు నిర్వహించిన పనులను ఇప్పుడెవరు నిర్వహించాలన్నదే ప్రశ్న.

పల్లెలో ప్రత్యేకించి పార్కు ఉండదు. ఇంటి ముందరి అరుగు, రావిచెట్టు గద్దె, గుడి ముంగిలి ఆ లోటు తీర్చేవి. నగర శివార్లలో ఆమోదిత లే-అవుట్లలో కనీసం 10 శాతం భూమిని ఖాళీ స్థలంగా విడువవలసి ఉన్నది. అనుమతి లేని లే-అవుట్లలో ఆ స్థలం మిగలదు. వాటి క్రమబద్ధీకరణకు 2020లో జారీ అయిన నిబంధనలు అందుకు బదులుగా ప్లాటు విలువలో 14 శాతం రుసుము విధించినవి. అయితే రుసుము వసూలైనంత మాత్రాన ఇళ్ల నడుమ మైదానం ఏర్పడదు. అటువంటి కాలనీలలో పిల్లల ఆటకు, వృద్ధుల నడకకు మిగిలేది వీధి ఒక్కటే. కనుక దానిని వాహనాల దారిగా మాత్రమే రూపొందించుట తగదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతాలలో కాలిబాట వెడల్పు అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్లు, ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె నిలిచిన చోట ఎంత ఖర్చు చేసినా అది కాలిబాట కానేరదు. ఎత్తు పెరిగిన కొలదీ వృద్ధులు దానిని విడిచి రోడ్డుపైనే నడుస్తారు.

2020 ఆగస్టులోను, 2023 జులైలోను వరంగల్, హనుమకొండ కాలనీలు జలమయమైనవి. నాలాల ఆక్రమణ ఒక కారణం. గోడ నుండి గోడ వరకు సిమెంటు పరచిన వీధులు మరొక కారణం. చుక్క నీరు ఇంకని వీధి తన నీటినంతా పల్లపు కాలనీకి పంపుతుంది. కాలిబాట, రోడ్డు నడుమ మీటరు వెడల్పున మట్టిపట్టీ విడిచి, వేప, కానుగ వంటి చెట్లు నాటి, అంచురాళ్ల మధ్య సందులు ఉంచినచో కొంత నీరు అక్కడనే ఇంకును. నీడయు లభించును. 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో 10 శాతాన్ని హరిత నిధికి కేటాయించినందున ఈ పనికి నిధుల మార్గం కలదు.

కూరగాయల బండి, టీ కొట్టు ఉన్న వీధిలో రాత్రి సైతం మనుషుల అలికిడి ఉంటుంది. వారిని తొలగించుటకు బదులు 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం స్థలం గుర్తించుట మేలు. ఆ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు విక్రేతలే ఉండాలి.

పనుల క్రమమూ ముఖ్యమే. మురుగు పైపులు, కేబుళ్లు ముందుగా వేసి, ఆ పిదప కాలిబాట నిర్మించాలి. కొత్త రోడ్డును మరుసటి నెలలోనే తవ్వుట ప్రజలకు కొత్త కాదు. వార్డులోని యువజన, మహిళా, వయోవృద్ధుల, ప్రముఖుల కమిటీల సభ్యులు అంచనాల తయారీకి ముందే ఇంజనీర్లతో కలిసి వీధులలో నడిచినచో స్తంభం ఎక్కడ అడ్డు, నీరు ఎక్కడ నిలుచునో కాగితంపైకి ముందుగానే వచ్చును.